ముసురు కాలంలో అడవికి వెళ్ళేవారికి తగిన ప్యాంటు

వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి భాగంలో అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు కొండదారులు పట్టేవారు జాకెట్టు ఎంపికలో చూపే శ్రద్ధలో సగమైనా ప్యాంటు ఎంపికలో చూపడం లేదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. సమ్మామిష్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బోథెల్ వంటి ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు శనివారం ఉదయం టైగర్ మౌంటెన్‌కో రాటిల్‌స్నేక్ లెడ్జ్‌కో బయలుదేరినప్పుడు పైన మంచి వాన జాకెట్టు, కింద రోజూ ఆఫీసుకు వేసుకొనే జీన్స్ ప్యాంటు కనిపించడం ఇక్కడ మామూలు. దిగివచ్చే వేళకు వారి పైభాగం పొడిగానే ఉంటుంది. నడుము నుండి కిందంతా నీరు కారుతూ, తొడలు మొద్దుబారి, పిల్లలు వణుకుతూ కారు వైపు నడుస్తుంటారు. నేను ఇసాక్వా దగ్గర ఉంటూ వానాకాలమంతా ఈ కొండలలో నడుస్తాను. శరదృతువులో జింకల వేటకు వెళ్ళే పొరుగాయనకు తోడుగా అడవిలో రోజంతా గడుపుతాను. తడి వాతావరణానికి ఎటువంటి ప్యాంటు తగినదో ఈ రెండు అలవాట్ల వల్ల నాకు తెలిసివచ్చినది ఒకచోట వ్రాస్తే కొత్తగా వచ్చినవారికి పనికివస్తుందని ఇది వ్రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ప్రాంతపు వానలో రోజంతా తిరిగితే కాళ్ళు ఏదో ఒక మేరకు తడవక మానవు. కాబట్టి ప్యాంటు కొనేటప్పుడు, ఇది నీటిని ఎంతసేపు ఆపుతుందని అడగడానికి ముందు, తడిసిన తరువాత ఎంత నీరు పట్టి ఉంచుకుంటుంది, తడిగా ఉన్నా ఎంత వెచ్చగా ఉంటుంది, ఎంత త్వరగా ఆరుతుంది అని అడగాలి. అంగడిలో తగిలించిన చీటీల మీద మొదటి ప్రశ్నకు మాత్రమే పెద్ద అక్షరాలతో సమాధానం ఉంటుంది; తక్కిన మూడింటికి సమాధానం బట్టను చూసి మనమే తెలుసుకోవాలి.

మన ప్రాంతాల నుండి వచ్చినవారికి ఇది వెంటనే పట్టుబడకపోవడానికి తగిన కారణమే ఉంది. సియాటిల్ విమానాశ్రయం దగ్గర ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. విజయవాడలో కురిసేది కూడా ఇంచుమించు అంతే. అయితే విజయవాడలో ఆ వానలో అధికభాగం రుతుపవనాల నెలలలో, వెచ్చని గాలిలో, పెద్ద జల్లులుగా కురిసి వెలుస్తుంది. తడిసిన పంచె కాసేపు గాలి తగిలితే ఒంటిమీదనే ఆరిపోతుంది. ఇక్కడ అదే నీరు ఏడాదిలో సుమారు 150 రోజుల మీదుగా పరచుకొని, తెల్లవారినది మొదలు చీకటి పడేదాకా విడవని ముసురుగా పడుతుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పగటి వేళ ఉష్ణోగ్రత 5 నుండి 10 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటుంది, కొండమీద వెయ్యి మీటర్లు ఎక్కేసరికి మరో ఆరు డిగ్రీల వరకు తగ్గుతుంది. ఇక ఒలింపిక్ ద్వీపకల్పంలోని హో వర్షారణ్యంలో ఏటా కురిసే వాన సుమారు 3,500 మిల్లీమీటర్లు. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగివేస్తుంది. అందువల్ల నీరు గడ్డకట్టేంత చలి లేకపోయినా, తడిసిన బట్టలతో, గాలికి ఎదురుగా, అలసిపోయి నిలబడ్డ మనిషి ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవడం సాధ్యమే. దానినే హైపోథెర్మియా అంటారు. ఈ కొండలలో నడిచేవారు మంచుకన్నా ఎక్కువగా భయపడవలసినది సున్నాకు కాస్త పైన ఉండే ఈ తడి చలికే.

కాళ్ళు తడిసేది ఆకాశం నుండి పడే నీటితో మాత్రమే అనుకుంటే ఎంపిక తప్పుదారి పడుతుంది. ఇక్కడి అడవి నేలంతా మోకాలెత్తు స్వోర్డ్ ఫెర్న్, నడుమెత్తు సలాల్ పొదలు, దారికి అడ్డంగా వాలే వైన్ మేపుల్ కొమ్మలు. వాన వెలిసి గంటలు గడిచినా ఆ ఆకులన్నీ నీళ్ళు మోస్తూనే ఉంటాయి. బాగా తొక్కిన కాలిబాటల మీద నడిచేవారికి ఇది కొంతవరకే తెలుస్తుంది. వేటగాళ్ళలా దారి విడిచి పొదల్లోకి దిగినవారికి మాత్రం ప్రతి అడుగుకూ తడి చీపురుతో తొడలమీద కొట్టినట్లుంటుంది. ఆకాశం నుండి పడే తుంపరకు ఒత్తిడి ఉండదు, కనుక మామూలు బట్ట కూడా దానిని కొంతసేపు ఆపగలదు. ఆకుల రాపిడి మాత్రం నీటిని బట్టలోకి రుద్ది పంపిస్తుంది. దీనికి తోడు జాకెట్టు అంచు నుండి కారే నీరంతా నేరుగా తొడల ముందుభాగం మీదనే పడుతుంది. ఎక్కేటప్పుడు పట్టే చెమట లోపలి నుండి తడుపుతుంది. ఈ నాలుగు వైపుల నీటిలో వాన ప్యాంటు పూర్తిగా ఆపగలిగేది మూడింటిని. ఆ మూడింటినీ ఆపినకొద్దీ నాలుగోదైన చెమట పెరుగుతుంది.

ఇక బట్టల సంగతి. మామూలు తేమగల గాలిలో ఏ రకం దారం ఎంత తేమను తనలోకి తీసుకుంటుందో వస్త్ర పరిశ్రమవారు కొలిచి పెట్టిన లెక్కలున్నాయి: ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం, పత్తి 8 శాతానికి కాస్త పైన, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా లేదు. ఈ లెక్క చూసి ఉన్ని అన్నిటికన్నా చెడ్డదనుకునే ప్రమాదముంది, కానీ అసలు సంగతి ఆ తేమ ఎక్కడ ఉంటుందన్న దానిలో ఉంది. పత్తి దారం తడిసినప్పుడు మెత్తబడి, చర్మానికి అతుక్కుపోయి, దారాల మధ్య ఉన్న గాలినంతా బయటికి నెట్టి ఆ చోటును నీటితో నింపుకుంటుంది. జీన్స్ బట్ట దళసరిగా, దగ్గరగా నేసిన పత్తి కాబట్టి నీటిని మరీ ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది, బరువెక్కి నడుము నుండి జారుతుంది, ఇంటికి వచ్చి ఆరవేసినా మరునాటికి నడుముపట్టీ దగ్గర తడిగానే ఉంటుంది. పత్తి ప్రాణాలు తీస్తుందని ఇక్కడి పర్వతారోహకులు అనే మాట కఠినంగా తోచవచ్చు. ఈ చలివానలో అది అక్షరాలా నిజమే. మన ఎండలకు పత్తిని మించిన బట్ట లేదు, ఈ ముసురుకు పత్తిని మించిన ప్రమాదం లేదు.

నైలాన్‌తో నేసిన హైకింగ్ ప్యాంటు, అంటే లోపల ఏ పొరా లేని పలుచని రకం, నా దృష్టిలో నడకకు అన్నిటికన్నా ఉత్తమం. అది త్వరగా తడుస్తుంది, అంతే త్వరగా ఆరుతుంది. వాన తెరిపిచ్చిన అరగంటలో నడుస్తున్న కాళ్ళ వేడికే దాదాపు పొడిబారుతుంది. కొనేటప్పుడు సాగే దారం, అంటే స్పాండెక్స్, ఎంత శాతం కలిసిందో లోపలి చీటీలో చూడండి. అది కొద్దిగా ఉంటే మోకాలు సులువుగా వంగుతుంది. ఎక్కువైతే ఆ బట్ట నీరు పట్టి, ఆరడానికి చాలా ఆలస్యం చేస్తుంది. యోగా ప్యాంట్లు, బిగుతుగా ఉండే లెగ్గింగులు ముసురులో చల్లగా అతుక్కుపోవడానికి ఇది ఒక కారణం, చర్మానికీ బట్టకూ మధ్య గాలి పొర లేకపోవడం మరొకటి. పాలిస్టరు, పత్తి కలిపి నేసి మైనం పట్టించే బట్టలు కూడా దొరుకుతాయి. స్వీడన్ కంపెనీ ఫ్యాల్‌రావెన్ వారి జి-1000 అనే బట్ట అటువంటిదే, 65 శాతం పాలిస్టరు, 35 శాతం పత్తి. పారాఫిన్, తేనెమైనం కలిపిన దిమ్మను రుద్ది వేడి చేస్తే నీటిని కొంతవరకు ఆపుతుంది. ముళ్ళకు, గాలికి, పొడి చలికి అది చాలా గట్టిది, తూర్పు వాషింగ్టన్‌లో నేను దానిని సంతోషంగా వాడతాను. కాస్కేడ్ పర్వతాలకు పడమట, రోజంతా తడి ఫెర్న్‌లలో నడవడానికి మాత్రం అందులోని పత్తి భాగం నాకు నచ్చదు.

ఉన్ని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఇప్పటి అంగళ్ళలో ఉన్ని ప్యాంటు అరుదైపోయింది. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం వరకు తేమను దారం లోపలికే తీసుకోగలదు. అంతవరకు చేతికి తడి తెలియదు. ఆ తేమను తీసుకునేటప్పుడు స్వల్పంగా వేడిని కూడా విడుదల చేస్తుంది. దారానికి సహజంగా ఉన్న వంకీల వల్ల తడిసినా చదునుగా అణగిపోక, మధ్యలో గాలిని నిలుపుకుంటుంది. ఈ విషయం మన గొల్ల కురుమలకు తరతరాలుగా తెలుసు. తెలంగాణ పల్లెల్లో దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిని కాపరులు తలమీదుగా కప్పుకొని ముసురులో మందతో పాటు రోజంతా నిలబడేది ఈ గుణం వల్లనే. అమెరికా వాయవ్యంలోనూ అదే జరిగింది. 1897లో క్లోండైక్ బంగారం కోసం అలస్కా వైపు వెళ్ళేవారికి బట్టలు అమ్మడానికి సియాటిల్‌లో మొదలైన ఫిల్సన్ దుకాణం పేరు తెచ్చుకున్నది దళసరి మాకినా ఉన్ని బట్టలతోను, మైనం పట్టించిన టిన్ క్లాత్ అనే గట్టి కాన్వాసు బట్టతోను. చెట్లు నరికే కూలీలు, వేటగాళ్ళు వాటినే వేసుకొని ఈ వానలలో జీవితాలు గడిపారు. ఉన్నికి లోపాలు లేకపోలేదు: బరువు ఎక్కువ, పూర్తిగా నానితే మరీ బరువు, ఆరడానికి రాత్రంతా పడుతుంది, ఎక్కువసేపు ఎక్కితే ఉక్కపోస్తుంది. అందుకే వేగంగా నడిచే రోజున నైలాన్, నెమ్మదిగా కదిలి ఎక్కువసేపు కూర్చునే రోజున ఉన్ని అని నేను విభజించుకున్నాను. సైన్యం వాడి అమ్మేసిన పాత ఉన్ని ప్యాంట్లు మిగులు సరకుల దుకాణాలలో తక్కువ ధరకు దొరుకుతాయి. ఎవరికైనా నేను మొదట చెప్పేది అక్కడికి వెళ్ళి చూడమనే.

నీటిని పూర్తిగా ఆపుతామనే ప్యాంట్ల కథ వేరు. 1969లో బాబ్ గోర్ అనే అమెరికా ఇంజనీరు పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను ఒక్క ఊపున సాగదీసినప్పుడు సన్నని రంధ్రాలతో నిండిన పొర ఏర్పడింది. గోర్‌టెక్స్ అనే పేరుతో అది 1976లో బట్టలలోకి వచ్చింది. ఆ రంధ్రాల గుండా నీటి బిందువు పోలేదు, ఆవిరి పోగలదు. ఇప్పుడు అదే పని చేసే పొరలు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. చీటీ మీద 10,000, 20,000 అని కనిపించే అంకెలు మిల్లీమీటర్లలో నీటి స్తంభపు ఎత్తును తెలుపుతాయి. అంత ఎత్తు నీరు పైన నిలిచినా బట్ట కారదని అర్థం. 10,000 అంటే పది మీటర్లు, చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. నిలబడ్డవాడి మీద పడే వానకు ఇందులో చిన్న భాగం కూడా అక్కరలేదు. కానీ 60 కిలోల మనిషి తడి నేల మీద ఒక మోకాలు ఆనించి, ఆ మోకాలి కింద 40 చదరపు సెంటీమీటర్ల చోటులో తన బరువంతా మోపాడనుకోండి, చదరపు సెంటీమీటరుకు కిలోన్నర ఒత్తిడి అవుతుంది. అంటే 10,000 అంకెగల ప్యాంటు వానలో చక్కగా పనిచేసి, మోకరిల్లినప్పుడు మోకాలి దగ్గర, తడి దుంగమీద కదులుతూ కూర్చున్నప్పుడు పిరుదుల దగ్గర చెమ్మ పట్టవచ్చు. కాబట్టి దారిమీద నడిచేవారికి 10,000 చాలును. నేలమీద కూర్చునే, మోకరిల్లే పని ఉన్న వేటగాళ్ళు 20,000 చూసుకోవాలి. మోకాళ్ళకు, పిరుదులకు అదనపు బట్ట కుట్టినది దొరికితే ఇంకా మంచిది.

ఆవిరిని బయటికి పంపే గుణం గురించి కంపెనీలు చెప్పే అంకెలను నేను అంతగా పట్టించుకోను. లోపలి గాలి బయటి గాలికన్నా వెచ్చగా, తేమగా ఉన్నప్పుడే ఆవిరి బయటికి కదులుతుంది. బయట తేమ నూటికి నూరు శాతానికి దగ్గరగా ఉన్న ముసురులో ఆ కదలిక మందగిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది పైబట్ట పరిస్థితి. లోపలి పొర ఎంత గొప్పదైనా, పైబట్ట మీద నీరు ముత్యాలుగా జారిపోయేలా చేసే పూత అరిగిపోతే ఆ బట్ట నీరు పీల్చి, చల్లబడి, ఆవిరికి దారి మూసేస్తుంది. అప్పుడు లోపల చేరే చెమటను చూసి ప్యాంటు కారుతున్నదని చాలామంది పొరబడి, మంచి ప్యాంటును పారేస్తారు. నిజానికి దానికి కావలసినది ఉతుకు. మామూలు డిటర్జెంటు కాక ఇటువంటి బట్టలకోసమే అమ్మే సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, చీటీ మీద అనుమతి ఉంటే డ్రైయర్‌లో తక్కువ వేడి మీద తిప్పితే ఆ పూత మళ్ళీ లేస్తుంది. అప్పటికీ నీరు జారకపోతే పూతను కొత్తగా పట్టించే ద్రవాలు దొరుకుతాయి.

ఈ పూత విషయంలో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది, కొత్త ప్యాంటు కొనేవారు దానిని తెలుసుకోవాలి. దశాబ్దాలుగా ఈ పూతలలో చాలావాటిని పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలతో చేసేవారు. అవి నేలలో, నీటిలో, మన రక్తంలో విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోతాయని తెలిసిన తరువాత చట్టాలు వచ్చాయి. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుండి ఇటువంటి రసాయనాలు కలిపిన కొత్త దుస్తుల అమ్మకాన్ని నిషేధించింది, తీవ్రమైన తడి పరిస్థితులకోసం చేసిన దుస్తులకు మాత్రం 2028 వరకు గడువిచ్చింది. 1938లో సియాటిల్‌లో పర్వతారోహకుల సహకార సంఘంగా పుట్టిన ఆర్‌ఈఐ తాను అమ్మే దుస్తులలో చాలావాటికి 2024 నుండే ఈ నియమం పెట్టుకుంది. గోర్‌టెక్స్ తయారుచేసే గోర్ కంపెనీ కూడా 2022 నుండి పీటీఎఫ్ఈకి బదులుగా సాగదీసిన పాలిథిలీన్ పొరను తెచ్చింది. ఇది మంచి మార్పు, మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. అయితే కొత్త పూతలు నీటిని ఆపినంత బాగా నూనెను, జిడ్డును ఆపలేవు. చేతి జిడ్డు, బురద, ఆకుల పసరు పట్టినకొద్దీ త్వరగా మందగిస్తాయి. పాత ప్యాంటును ఏడాదికి ఒకసారి ఉతికి సరిపెట్టుకున్నవారు కొత్తదానిని తరచుగా ఉతకడానికి సిద్ధపడాలి.

ఇవన్నీ చూసిన మీదట నడకకు నేను పాటించే పద్ధతి ఇది. ఒంటిమీద పలుచని నైలాన్ ప్యాంటు, చలి ఎక్కువైతే దాని లోపల సన్నని మెరినో ఉన్ని లాంగ్ జాన్స్, అంటే ఒంటికి అంటి ఉండే లోపలి పైజామా. సంచిలో తేలికైన వాన ప్యాంటు. ఎక్కేటప్పుడు వాన ప్యాంటు వేసుకోను, తుంపరకు తడిసినా కాళ్ళు చేసే వేడి వాటిని కాపాడుతుంది. శిఖరం దగ్గర ఆగినప్పుడు, గాలి మొదలైనప్పుడు, దిగుదారిలో ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు, తడిసిన నైలాన్ మీదనే దానిని తొడుగుతాను. గాలి ఆగుతుంది, తడి వెచ్చబడుతుంది, కొద్దిసేపట్లో లోపలి ప్యాంటు సగం ఆరుతుంది. ఇందుకోసం వాన ప్యాంటుకు పక్కల నిలువుగా, కనీసం మోకాలి పైదాకా, వీలైతే నడుముదాకా జిప్ ఉండాలి. బురద బూట్లు విప్పకుండా, ఒంటికాలి మీద తూలుతూ నిలబడకుండా తొడుక్కోవడం దానితోనే సాధ్యం. ఈ ఒక్క సౌకర్యం లేనందువల్ల సంచిలో వాన ప్యాంటు ఉంచుకొని కూడా తొడుక్కోకుండా తడిసేవారు ఎందరో ఉన్నారు.

వేట దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మారుతాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పెరిగిన నా వంటివారికి వేట అన్న మాటే కొత్తగా తోస్తుంది. ఇక్కడ అది లైసెన్సుతో, శిక్షణతో, కాలపరిమితితో జరిగే వ్యవహారం. 1972 జనవరి 1 తరువాత పుట్టినవారు శిక్షణ పూర్తిచేయనిదే వాషింగ్టన్ రాష్ట్రంలో వారికి వేట లైసెన్సు ఇవ్వరు. ఒలింపిక్ నేషనల్ పార్కు లోపల వేట నిషిద్ధం, ఒలింపియా పట్టణం దగ్గరి క్యాపిటల్ స్టేట్ ఫారెస్ట్ వంటి రాష్ట్రపు అడవులలో అనుమతి ఉంది. అక్కడ దొరికేది నల్లతోక జింక. తుపాకీతో వేటాడే ప్రధాన కాలం అక్టోబరులో, తరువాత నవంబరులో మరికొద్ది రోజులు ఉంటుంది. అంటే వేట సరిగ్గా ముసురు ముదిరే వేళకే వస్తుంది. మగ జింకలు జతకోసం తిరిగేదీ నవంబరులోనే కనుక వాన అని ఇంట్లో కూర్చునే వేటగాడు ఇక్కడ ఉండడు.

వేటలో ప్యాంటుకు ఉండవలసిన మొదటి గుణం నిశ్శబ్దం. నైలాన్ పైబట్టగల వాన ప్యాంటు అడుగు వేసినప్పుడల్లా తొడకు తొడ రాసుకొని గరగరమంటుంది, సలాల్ కొమ్మ గీసుకుంటే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. తడి నేల అడుగుల చప్పుడును మింగివేసే అడవిలో ఈ శబ్దం మరీ స్పష్టంగా ఉంటుంది, జింక చెవులకు అది చాలు. అందుకే పొరుగాయన ఈనాటికీ ఉన్ని ప్యాంటే వేసుకుంటాడు. కొత్తతరం వేటగాళ్ళు పైబట్టను మెత్తగా, నూగుగా చేసి లోపల నీటిని ఆపే పొర పెట్టిన ప్యాంట్లు కొంటున్నారు. ఆ నూగు బట్ట నిశ్శబ్దంగానే ఉంటుంది గాని నీరు పీల్చి బరువెక్కుతుంది, పొరదాకా రాకపోయినా చల్లగా తగులుతుంది. రెండింటిలో నా మొగ్గు ఉన్నివైపే. కూర్చున్నచోట ఉన్ని మీద వాన ప్యాంటు తొడుక్కొని, కదిలేటప్పుడు విప్పి సంచిలో పెట్టుకోవడం అన్నిటికన్నా వెచ్చని ఏర్పాటు.

రంగు గురించి చాలామంది అనవసరంగా చింతిస్తారు. తుపాకీ వేట కాలంలో వేటగాళ్ళు నారింజ లేదా గులాబీ రంగు మెరిసే బట్ట కనీసం 400 చదరపు అంగుళాలు ధరించాలని ఈ రాష్ట్రపు నియమం. అది నడుముకు పైన, అన్ని వైపుల నుండి కనిపించాలి. కాబట్టి నారింజ రంగు ప్యాంటు కొన్నా ఈ లెక్కలోకి రాదు, చొక్కా మీద వెస్టు వేసుకోవలసిందే. వేటాడకపోయినా ఆ నెలలలో రాష్ట్రపు అడవులలో నడిచే మనవాళ్ళందరూ, పిల్లలతో సహా, అటువంటి వెస్టు వేసుకోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. జింక కన్ను ఎరుపు, నారింజ రంగులను మనలా గుర్తించలేదు, కానీ నీలం వైపు, అతినీలలోహిత కాంతి వైపు మనకన్నా చురుకైనది. 1990ల మొదట్లో జార్జియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన దీనిని తేటపరిచింది. బట్టలు తెల్లగా మెరవడానికి డిటర్జెంట్లలో కలిపే రసాయనాలు ఆ కాంతిలోనే మెరుస్తాయి. కాబట్టి వేటకు వాడే ప్యాంటును అటువంటి డిటర్జెంటుతో ఉతకకూడదు. పైన చెప్పిన పూత కోసం కూడా ఇదే జాగ్రత్త అవసరం కనుక ఒకే సబ్బు రెండింటికీ సరిపోతుంది.

కొలత విషయానికి వస్తే, తడిసిన బట్ట తొడకు అతుక్కొని మోకాలిని పైకి లేవనివ్వదు. నేల కూలిన దేవదారు దుంగలను రోజంతా దాటవలసినచోట ఇది అలసట తెస్తుంది. తొడల దగ్గర వదులుగా, కాళ్ళు చీలేచోట అదనపు ముక్క కుట్టి, మోకాళ్ళు వంగేలా కత్తిరించినది చూడండి. అంగడిలోనే ఒక కాలు కుర్చీ మీద పెట్టి వంగి చూస్తే సంగతి తెలిసిపోతుంది. వాన ప్యాంటును లోపలి ప్యాంటు మీద వేసుకొని చూడాలి, ఒక సైజు పెద్దది అవసరం కావచ్చు. బరువైన సంచి మోసేవారికి సంచి నడుముపట్టీ కింద ప్యాంటు బెల్టు ఒత్తుకుంటుంది, భుజాల మీదుగా వేసుకునే సస్పెండర్లు ఆ బాధ తప్పిస్తాయి. తడిసి బరువెక్కిన ఉన్ని ప్యాంటు జారకుండా ఆపేవి కూడా అవే. గెయిటర్లు, అంటే బూటు పైభాగాన్నీ పిక్కనూ కప్పే తొడుగులు, వాడేవారు వాన ప్యాంటు అంచును వాటి పైనుండి దించాలి, లోపలికి దోపితే తొడల మీది నీరంతా బూటులోకి దిగుతుంది. డెవిల్స్ క్లబ్ ముళ్ళలోకి వెళ్ళవలసినప్పుడు మాత్రం గెయిటరును పైన కట్టి బట్టను కాపాడుకోవడమే నయం.

చిన్నపిల్లలకు ఖరీదైన పొరల ప్యాంట్లు నేను సిఫారసు చేయను. వారు నీటిగుంటలలో కూర్చుంటారు, ఏడాదిలో పొడుగెక్కుతారు. గాలి ఆడకపోయినా పూర్తిగా నీరు చొరని రబ్బరు పూత ప్యాంటు, లోపల పలుచని ఫ్లీసు ప్యాంటు, మడమకింద పట్టీ ఉంటే చాలు.

ఇంటికి వచ్చిన తరువాత తడి ప్యాంటును కారు డిక్కీలో వదిలివేయకండి, మూడు రోజులకే బూజు పట్టి పొరకు అంటించిన జిగురు పాడవుతుంది. ఉన్నిని వేడి నీళ్ళలో వేయకుండా, డ్రైయర్‌లో తిప్పకుండా, హీటరుకు దూరంగా పరచి ఆరవేయాలి. వేట నుండి తెచ్చిన నెత్తురు మరకలు ఉంటే చన్నీళ్ళతోనే కడగాలి. కారులో ఎప్పుడూ ఒక పొడి ప్యాంటు, ఒక పొడి మేజోళ్ళ జత సంచిలో కట్టి ఉంచుకోండి. కొండ దిగిన వెంటనే, హీటరు వేయకముందే, తడిసినవి విప్పి వాటిని వేసుకోవాలి, పిల్లలకైతే మొదట వారికి మార్చి తరువాత మీరు మార్చుకోవాలి.